తిరుపతి పిన్‌కోడ్ 517501: ఒక పెద్ద సంఖ్య గుణాలను కాగితం మీద రాబట్టడం ఎలా

తిరుపతిలో ఉండేవాళ్లు 517501 అనే సంఖ్యను ఎన్నిసార్లు రాసి ఉంటారో లెక్కే ఉండదు. స్కూల్ అప్లికేషన్, బ్యాంకు ఫారం, కొరియర్ కవరు, ఆన్‌లైన్ ఆర్డరు, ఎక్కడైనా అదే. అయినా అది ఎలాంటి సంఖ్య అని ఆగి చూసేవాళ్లు తక్కువ. దాన్ని ఏ సంఖ్యతోనైనా శేషం లేకుండా భాగించవచ్చా? దాని పక్కనున్న సంఖ్యల సంగతేమిటి? రెండు వర్గ సంఖ్యల మొత్తంగా విడదీయవచ్చా? ఇవన్నీ ఎనిమిదో తరగతి లెక్కలతో తేల్చుకోవచ్చు. కావలసింది గళ్ల నోట్‌బుక్కు, పెన్ను, ఫోన్లో ఉండే మామూలు క్యాలిక్యులేటరు, ఒక ఆదివారం మధ్యాహ్నం. ఇంట్లో హైస్కూలు పిల్లలు ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి.

తోడుగా ఇంకో రెండు సంఖ్యలు తీసుకుందాం: చిత్తూరు పిన్‌కోడ్ 517001, తిరుమల పిన్‌కోడ్ 517504. చివర్లో పుత్తూరు 517583 కూడా వస్తుంది. పిన్‌కోడ్ పద్ధతి 1972 ఆగస్టు 15న మొదలైంది. మొదటి అంకె 5 మన ప్రాంతానిది, మొదటి మూడంకెలు 517 ఉత్తరాలు వేరుచేసే జిల్లావి, చివరి మూడు పోస్టాఫీసువి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయినా ఈ 517 మారలేదు. అందుకే మన సంఖ్యలన్నీ 517తోనే మొదలవుతాయి. లెక్కల్లో ఇది ఎంత కలిసొస్తుందో కాసేపట్లో చూస్తారు.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ అంకెలను తపాలా శాఖ ఉత్తరాల పంపిణీ కోసం ఇచ్చింది. అదృష్ట సంఖ్యలు, న్యూమరాలజీ మనకు అక్కర్లేదు. సంఖ్య లోపల నిజంగా ఉన్న గుణం వేరు, మనం దానికి అంటగట్టే అర్థం వేరు. ఆ తేడాను పిల్లలకు చిన్నప్పుడే చూపించాలని నా పట్టుదల.

1. ముందు కళ్లతోనే చూడండి

చివరి అంకె చూడండి. 517501 చివర 1 ఉంది కాబట్టి 2తో, 5తో పోదు. అంకెలు కూడితే 5+1+7+5+0+1 = 19. అది 3తో పోదు కాబట్టి సంఖ్యా పోదు. చిత్తూరు సంఖ్యకు అంకెల మొత్తం 14, అదీ 3తో పోదు. తిరుమల సంఖ్య సరి సంఖ్య. పైగా దాని చివరి మూడంకెలు 504 అంటే 8 × 63. వెయ్యి 8తో పోతుంది కాబట్టి చివరి మూడంకెలు 8తో పోతే మొత్తం సంఖ్యా పోతుంది.

అంకెలు కూడితే 3 సంగతి ఎందుకు తేలుతుంది? 10, 100, 1000 వీటిలో దేన్ని 9తో భాగించినా 1 మిగులుతుంది. కాబట్టి 5 లక్షలను 9తో భాగిస్తే మిగిలేది 5, 7 వేలను భాగిస్తే మిగిలేది 7. అలా ప్రతి స్థానం నుంచి దాని అంకే మిగులుతుంది. ఈ కారణం తెలియకుండా సూత్రం మాత్రమే బట్టీ పడితే తర్వాతి అడుగు మంత్రంలా కనిపిస్తుంది. తెలిస్తే మీరే కనిపెట్టగలిగినంత తేలిక.

2. మూడేసి అంకెలుగా విడగొట్టండి

ఈ గైడ్‌లో నాకు బాగా ఇష్టమైన అడుగు ఇదే. 7 × 11 × 13 = 1001. ఇక 517501ని ఇలా రాయండి:

517501 = 517 × 1000 + 501 = 517 × 1001 + (501 − 517)

517 × 1001 అనే ముక్క 7తో, 11తో, 13తో ఎలాగూ పోతుంది. కాబట్టి చూడాల్సింది 501 − 517 ఒక్కటే, అంటే −16. అది ఆ మూడింటిలో దేనితోనూ పోదు. ఒక్క తీసివేతతో మూడు భాగహారాలు తప్పాయి.

చిత్తూరుకు: 1 − 517 = −516. 516 అంటే 4 × 3 × 43, ఇక్కడా 7, 11, 13 లేవు. తిరుమలకు: 504 − 517 = −13. దొరికింది! తిరుమల సంఖ్య 13తో పోతుంది.

ఇలాంటిదే ఇంకొకటి ఉంది. 999 = 27 × 37. ఈసారి తీసివేయకుండా కూడాలి, ఎందుకంటే 517 × 1000 అంటే 517 × 999కి ఇంకో 517 కలిపినట్టు. తిరుపతికి 517 + 501 = 1018. అందులోంచి 37 × 27 = 999 తీసేస్తే 19 మిగులుతుంది, కాబట్టి 37తో పోదు. చిత్తూరుకు 517 + 1 = 518. అది 37 × 14! చిత్తూరు సంఖ్య 37తో పోతుంది. 37 లాంటి భాజకం మామూలుగా చాలా భాగహారాల తర్వాత గానీ బయటపడదు. ఇక్కడ ఒక్క కూడికతో చేతికొచ్చింది.

దొరికినవాటిని పూర్తి చేసేద్దాం. 517001 ÷ 37 = 13973. దీని వర్గమూలం 118కి కాస్త పైన. 118 లోపు ప్రధాన సంఖ్యలను (1తో, తమతో తప్ప దేనితోనూ పోనివి) వరసగా వేసుకుంటూ పోతే 89 దగ్గర ఆగుతాం: 13973 = 89 × 157. 157 ప్రధాన సంఖ్య, ఎందుకంటే 13 × 13 = 169 దాన్ని దాటేసింది, 2, 3, 5, 7, 11లలో ఏదీ దాన్ని భాగించదు. కాబట్టి

517001 = 37 × 89 × 157

తిరుమల సంఖ్యను సగం చేస్తూ పోండి: 258752, 129376, 64688, 32344, 16172, 8086, 4043. ఏడుసార్లు సగం చేశాక బేసి సంఖ్య వచ్చింది. 4043 = 13 × 311. 311ను 17 దాకా ప్రధాన సంఖ్యలతో చూస్తే చాలు, ఏదీ భాగించదు.

517504 = 2⁷ × 13 × 311

ఏడు కొండలకు ఏడు రెండ్లు! నాకూ ముచ్చటేసింది. కానీ ఇది యాదృచ్ఛికం, అంతే. 2⁷ ఉండటం సంఖ్య గుణం. దాన్ని శేషాద్రి, నీలాద్రి, గరుడాద్రి, అంజనాద్రి, వృషభాద్రి, నారాయణాద్రి, వేంకటాద్రులతో జత చేయడం మన భక్తి. రెండూ ఉండొచ్చు, ఒకదాన్ని ఇంకోదానికి రుజువుగా చూపకూడదు.

3. ఎంతవరకు భాగించాలో తేల్చుకోండి

తిరుపతి సంఖ్య మాత్రం ఇంకా లొంగలేదు. ఒక సంఖ్యను రెండు కారణాంకాల లబ్ధంగా రాస్తే, చిన్నది వర్గమూలాన్ని దాటలేదు. రెండూ దాటితే లబ్ధం సంఖ్య కంటే పెద్దదైపోతుంది. 719 × 719 = 516961, 720 × 720 = 518400. మన సంఖ్య ఈ రెండింటి మధ్య ఉంది. అంటే 719 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలు చాలు. అవి 128.

ఆ పట్టిక మీరే తయారు చేసుకోండి. 1 నుంచి 719 దాకా రాసి 2, 3, 5, 7, 11, 13, 17, 19, 23ల గుణిజాలు కొట్టేస్తే (ఆ తొమ్మిదింటిని మాత్రం ఉంచాలి), 1ని కూడా తీసేస్తే, మిగిలినవన్నీ ప్రధాన సంఖ్యలే. తర్వాతి ప్రధాన సంఖ్య 29 వర్గం 841, అది 719ని దాటిపోయింది కాబట్టి 23 దగ్గరే ఆగవచ్చు. ఎరటోస్థనీస్ జల్లెడ అనేది ఇదే.

128లో 2, 3, 5, 7, 11, 13, 37 పని అయిపోయింది. ఇంకా 121 భాగహారాలు ఉన్నాయి. ఇది విని చాలామందికి టెన్షన్ వస్తుంది. క్యాలిక్యులేటరుతో ఒక్కోటి అర నిమిషం కూడా పట్టదు. ఒకే ఒక షరతు: "పోలేదు" అని టిక్కు పెట్టి వదిలేయకండి, శేషం ఎంతో రాయండి. 517501 ÷ 73 నొక్కితే 7089 దాటి దశాంశాలు వస్తాయి. 73 × 7089 = 517497. శేషం 4. ఇలా ప్రతి దానికీ భాగఫలం, శేషం రాసుకోవాలి. నా కాగితంలోంచి కొన్ని వరసలు:

17 → శేషం 4
19 → శేషం 17
23 → శేషం 1
29 → శేషం 25
31 → శేషం 18
73 → శేషం 4
139 → శేషం 4
149 → శేషం 24
151 → శేషం 24
211 → శేషం 129
223 → శేషం 141
311 → శేషం 308
353 → శేషం 3
719 → శేషం 540

ఇన్ని భాగహారాల్లో ఎక్కడో చెయ్యి జారవచ్చు. దానికి పాత పద్ధతి ఒకటుంది: ప్రతి సంఖ్యనూ అంకెలు కూడుతూ ఒకే అంకెకు తెచ్చి సరిచూడటం. 311 వరస చూడండి, భాగఫలం 1663, శేషం 308. 311 → 5, 1663 → 16 → 7. 5 × 7 = 35 → 8. 308 → 11 → 2. 8 + 2 = 10 → 1. అసలు సంఖ్య 517501 → 19 → 10 → 1. సరిపోయింది. అంకెలు అటూ ఇటూ మారితే మాత్రం ఈ పరీక్ష పట్టుకోలేదు, కాబట్టి అనుమానం ఉన్న వరసను మళ్లీ గుణించి చూడటమే మేలు.

మొత్తం పట్టికలో ఒక్కచోట కూడా శేషం సున్నా రాదు. అంటే 517501 ప్రధాన సంఖ్య. తిరుపతి పిన్‌కోడ్‌ను ఒకటి, అదీ తప్ప మరే సంఖ్యా శేషం లేకుండా భాగించదు.

4. శేషాల కాగితాన్ని మళ్లీ చదవండి

చాలామంది "ప్రధాన సంఖ్య" అనే జవాబు రాగానే నోట్‌బుక్కు మూసేస్తారు. అసలు పంట ఇప్పుడే చేతికొస్తుంది. ఒక సంఖ్య శేషాలు తెలిస్తే దాని చుట్టుపక్కల ఉన్న సంఖ్యలన్నీ తెలిసినట్టే.

311 దగ్గర శేషం 308. ఇంకో 3 కలిపితే 311 అవుతుంది. 13 దగ్గర శేషం 10 (రెండో అడుగులో వచ్చిన −16కి 26 కలిపితే), అక్కడా 3 తక్కువ. కాబట్టి 517504ని 311, 13 రెండూ భాగిస్తాయి. తిరుమల కారణాంకాలు తిరుపతి కాగితంలోనే ఉన్నాయి.

17, 73, 139 మూడింటి దగ్గరా శేషం 4. అంటే 517497ని ఈ మూడూ భాగిస్తాయి. ఆ మూడింటి లబ్ధం 172499, దానికి మూడు రెట్లు 517497. కొత్తగా భాగించకుండానే 517497 = 3 × 17 × 73 × 139 అని తెలిసిపోయింది.

149, 151 రెండింటికీ శేషం 24 రావడం వెనక ఇంకా అందమైన కారణం ఉంది. 517500 = 23 × 150 × 150. గుణించి చూసుకోండి. 149 × 151 అంటే 150 వర్గం కంటే ఒకటి తక్కువ. కాబట్టి 517500లోంచి 23 తీసేస్తే వచ్చే 517477 కచ్చితంగా 23 × 149 × 151. తిరుపతి సంఖ్య అయితే 150 వర్గానికి 23 రెట్లు, పైన ఒకటి.

ఇప్పుడు కాగితమంతా వెతకండి, శేషం 2 ఎక్కడైనా ఉందా? 2 నుంచి 719 దాకా ఎక్కడా లేదు. శేషం 2 వచ్చి ఉంటే 517499ని ఆ సంఖ్య భాగించేది. రాలేదు కాబట్టి 517499 కూడా ప్రధాన సంఖ్యే! రెండు ప్రధాన సంఖ్యల మధ్య తేడా 2 అయితే వాటిని కవల ప్రధాన సంఖ్యలు అంటారు. 517499, 517501 కవలలు. కవలల మధ్య ఇరుక్కున్న సంఖ్య, 3, 5 జత మినహా, ఎప్పుడూ 6తో పోతుంది. పక్కపక్కనున్న మూడింటిలో ఒకటి 3 గుణిజం అయి తీరాలి, కవలలు రెండూ కావు, పైగా నడిమిది సరి సంఖ్య. ఇక్కడ అది 517500, అంటే 6 × 86250.

ఇంకో చిన్న వెతుకులాట. స్విమ్స్ ఆసుపత్రి చిరునామాలో ఉండే 517507 ప్రధాన సంఖ్య కావాలంటే, 5 దాటిన ఏ ప్రధాన సంఖ్య దగ్గరా శేషం దానికంటే సరిగ్గా 6 తక్కువ రాకూడదు. రాదు. అదీ ప్రధాన సంఖ్యే.

ఇదంతా ఎంత అరుదు? ప్రధాన సంఖ్యలు ఎంత పలచగా ఉంటాయో జర్మన్ గణితవేత్త గౌస్ చిన్నవయసులోనే ఊహించాడు. 1896లో హడమార్డ్, వాలీ పూసాన్ విడివిడిగా రుజువు చేశారు: ఒక పెద్ద సంఖ్య చుట్టుపక్కల, దాని సహజ సంవర్గమానం (అంటే natural logarithm, 2.718 దగ్గర ఉండే e అనే సంఖ్యను ఎంత ఘాతానికి పెంచితే ఆ సంఖ్య వస్తుందో అది) ఎంతో, సుమారుగా అన్నింటికి ఒకటి చొప్పున ప్రధాన సంఖ్యలు ఉంటాయి. 517501కి అది 13 కంటే కాస్త ఎక్కువ. 1, 3, 7, 9లతో ముగిసేవే తీసుకుంటే ఐదింట ఒకటి. కాబట్టి పిన్‌కోడ్ ప్రధాన సంఖ్య కావడం పెద్ద అద్భుతమేమీ కాదు. కవల కావడం అంతకంటే బాగా అరుదు. కవలలు అనంతంగా ఉన్నాయా అన్నది ఇప్పటికీ ఎవరూ రుజువు చేయలేదు. 2013లో యిటాంగ్ ఝాంగ్, 7 కోట్లకు మించని ఏదో ఒక తేడాతో ఉండే ప్రధాన సంఖ్యల జతలు అనంతంగా ఉన్నాయని చూపించాడు. తర్వాత ఇతరులు ఆ హద్దును 246కి దించారు. 2 వరకు ఇంకా ఎవరూ చేరలేదు.

5. భాజకాలు లెక్కపెట్టండి

ఇది తేలిక. ప్రధాన కారణాంకాల ఘాతాంకాలకు ఒక్కోటి కలిపి గుణిస్తే భాజకాల సంఖ్య వస్తుంది. తిరుపతికి 2. చిత్తూరుకు 2 × 2 × 2 = 8, అవి 1, 37, 89, 157, 3293, 5809, 13973, 517001. తిరుమలకు 8 × 2 × 2 = 32.

భాజకాల మొత్తం కూడా ఇలాగే. చిత్తూరుకు 38 × 90 × 158 = 540360. దాన్నే తీసేస్తే మిగతా భాజకాలన్నీ కలిపి 23359, సంఖ్యతో పోలిస్తే బాగా తక్కువ. తిరుమలకు 255 × 14 × 312 = 1113840. దాన్ని తీసేసినా 596336 మిగులుతుంది, సంఖ్య కంటే ఎక్కువ. మధ్య తేడా మూడే అయినా, తిరుపతి పిన్‌కోడ్ భాజకాలు లేని బీద, తిరుమల పిన్‌కోడ్ తనను మించిన సంపన్నురాలు.

భాజకాలు ఎక్కువగా ఉండే సంఖ్యల గురించి రామానుజన్ 1915లో పెద్ద వ్యాసమే రాశారు. 1917లో హార్డీతో కలిసి ఆయన చూపించిన ఇంకో ఫలితం మన లెక్కకు నేరుగా పనికొస్తుంది: పెద్ద సంఖ్యలకు మామూలుగా ఉండే వేర్వేరు ప్రధాన కారణాంకాలు చాలా కొద్ది. సహజ సంవర్గమానానికి మళ్లీ సహజ సంవర్గమానం తీసుకుంటే ఎంతో, సుమారు అన్నే. మన సంఖ్యలకు అది 2.6 దగ్గర. చిత్తూరుకు మూడు, తిరుమలకు మూడు ఉన్నాయి కదా.

6. రెండు వర్గాలుగా విడదీయండి

ఇక్కడ తీరిగ్గా కూర్చోండి. సరి సంఖ్య వర్గాన్ని 4తో భాగిస్తే 0 మిగులుతుంది, బేసి సంఖ్య వర్గాన్ని భాగిస్తే 1. కాబట్టి రెండు వర్గాల మొత్తానికి శేషం 0, 1, 2లలో ఒకటే కావాలి, 3 ఎప్పుడూ రాదు. 517499 చివర 99 ఉంది, 4తో భాగిస్తే 3 మిగులుతుంది. కాబట్టి దాన్ని ఎంత వెతికినా రెండు వర్గాల మొత్తంగా రాయలేం. దాని కవల 517501కి శేషం 1. అలాంటి ప్రతి ప్రధాన సంఖ్యనూ రెండు వర్గాల మొత్తంగా, ఒకే ఒక్క విధంగా రాయవచ్చని 17వ శతాబ్దంలో ఫెర్మా చెప్పాడు, 18వ శతాబ్దంలో ఆయిలర్ రుజువు చేశాడు. ఉందని తెలిసింది, పట్టుకోవడమే మిగిలింది.

వర్గాల చివరి అంకె 0, 1, 4, 5, 6, 9లలో ఒకటి. రెండు కలిస్తే చివర 1 రావాలంటే 0, 1 జత కావాలి, లేదా 5, 6 జత. మొదటి జతతో మొదలుపెడదాం. చివర 0 ఉన్న సంఖ్య వర్గం చివర 00 ఉంటుంది. అప్పుడు రెండో వర్గం చివర 01 ఉండాలి. అలాంటి సంఖ్యల చివరి రెండంకెలు 01, 49, 51, 99 మాత్రమే. 719 నుంచి కిందికి దిగుతూ చూడండి:

701: 517501 − 491401 = 26100. 261 వర్గం కాదు.
699: 517501 − 488601 = 28900. అది 170 వర్గం!

517501 = 699² + 170²

రెండో సంఖ్యకే దొరికింది. ఇది ఒక్కటే విధం కాబట్టి 5, 6 జత వైపు చూడనక్కర్లేదు.

చిత్తూరు ఇంకా ఆసక్తికరం. దాని మూడు కారణాంకాలనూ 4తో భాగిస్తే 1 మిగులుతుంది: 37 = 6² + 1², 89 = 8² + 5², 157 = 11² + 6². ఇలాంటి రెండు సంఖ్యలను గుణిస్తే లబ్ధం కూడా రెండు వర్గాల మొత్తమే అవుతుందని, అదీ రెండు విధాలుగా అని బ్రహ్మగుప్తుడి సూత్రం చెబుతుంది. 628లో ఆయన రాసిన బ్రహ్మస్ఫుట సిద్ధాంతంలో అది ఉంది. 37ని, 89ని గుణించి చూద్దాం. 37లోని 6, 1లను 89లోని 8, 5లతో ఇలా గుణించి, ఒకసారి తీసివేయండి, ఒకసారి కూడండి:

6×8 − 1×5 = 43, 6×5 + 1×8 = 38
6×8 + 1×5 = 53, 6×5 − 1×8 = 22

43² + 38² = 3293, 53² + 22² కూడా 3293. ఈ రెండు జతలనూ 157లోని 11, 6 జతతో మళ్లీ ఇలాగే కలిపితే నాలుగు జవాబులు వస్తాయి:

517001 = 715² + 76²
517001 = 701² + 160²
517001 = 676² + 245²
517001 = 560² + 451²

నాలుగూ క్యాలిక్యులేటరులో వేసి చూడండి. పదమూడు వందల ఏళ్లకు పైబడిన సూత్రం చిత్తూరు పిన్‌కోడ్ మీద పొల్లు పోకుండా పనిచేయడం చూస్తే ఒళ్లు పులకరిస్తుంది. తిరుమల సంఖ్యకు ఈ భాగ్యం లేదు. 311ని 4తో భాగిస్తే 3 మిగులుతుంది. అలాంటి ప్రధాన సంఖ్య కారణాంకాల్లో బేసిసార్లు వస్తే రెండు వర్గాలుగా విడదీయడం కుదరదు.

7. ఇంకా పెద్ద సంఖ్యలైతే

పది అంకెల ఫోన్ నంబరును ఇలా చూడాలంటే దాదాపు లక్ష దాకా ప్రధాన సంఖ్యలు కావాలి. లక్ష లోపు అవి 9592. పన్నెండంకెలకైతే పది లక్షల దాకా వెళ్లాలి, అక్కడ 78498 ఉంటాయి. చేతితో అయ్యే పని కాదు. కంప్యూటర్ వాడవచ్చు, కానీ సరదాకి కూడా ఆధార్ నంబరును తెలియని వెబ్‌సైట్లలో కొట్టకండి. అలవాటు కోసం పిన్‌కోడ్‌లు, బస్ టికెట్ నంబర్లు బోలెడున్నాయి.

పెద్ద సంఖ్యలకు వేరే దారి ఫెర్మా చూపించాడు. సంఖ్య 2 కాని ప్రధాన సంఖ్య అయితే, దానికంటే ఒకటి తక్కువ ఘాతానికి 2ని పెంచి ఆ సంఖ్యతో భాగించినప్పుడు 1 మిగలాలి. మిగలకపోతే అది ప్రధాన సంఖ్య కాదని ఖాయం. మిగిలితే మాత్రం ఖాయం కాదు: 341 = 11 × 31 అయినా ఈ పరీక్షలో నెగ్గేస్తుంది. తప్పు లేకుండా, మరీ ఎక్కువ సమయం పట్టకుండా ఏ సంఖ్యనైనా తేల్చే పద్ధతిని 2002లో ఐఐటీ కాన్పూర్‌లో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కనిపెట్టారు. ప్రధాన సంఖ్యా కాదా అని చెప్పడం ఇంత తేలికైనా, కాదని తేలిన పెద్ద సంఖ్యను కారణాంకాలుగా విడగొట్టడం మాత్రం నేటి కంప్యూటర్లకూ కష్టమే. 1977లో వచ్చిన ఆర్‌ఎస్‌ఏ రహస్య లిపి ఆ కష్టం మీదే ఆధారపడి ఉంది.

8. పుత్తూరు: వర్గాల తేడా పద్ధతి

517583. రెండో అడుగు వేయండి: 583 − 517 = 66. 11తో పోతుంది. 517583 ÷ 11 = 47053. ఇప్పుడు 47053 సంగతి. దీని వర్గమూలం 216 దాటి 217 లోపు. చిన్న ప్రధాన సంఖ్యల నుంచి మొదలుపెడితే 13, 17, 19 అంటూ ఏదీ పోక, పోక, 216 లోపు ఉన్న చిట్టచివరి ప్రధాన సంఖ్య 211 దగ్గర గానీ తేలదు. శేషాల కాగితం ఉంటే ముందే తెలుస్తుంది: పుత్తూరు సంఖ్య తిరుపతి సంఖ్య కంటే 82 ఎక్కువ. 211 దగ్గర శేషం 129, 129 + 82 = 211. 223 దగ్గర శేషం 141, 141 + 82 = 223.

కాగితం లేకపోయినా ఇంకో ఉపాయం ఉంది, అదీ ఫెర్మాదే. వర్గమూలాన్ని దాటిన మొదటి పూర్ణ సంఖ్యను తీసుకుని, దాని వర్గంలోంచి మన సంఖ్యను తీసేయండి. మిగిలింది వర్గమైతే పని అయినట్టే, కాకపోతే తర్వాతి సంఖ్యకు వెళ్లండి.

217² = 47089
47089 − 47053 = 36 = 6²
47053 = (217 − 6) × (217 + 6) = 211 × 223

చిన్నవాటి నుంచి వెళితే చివరిదాకా సతాయించిన సంఖ్య, పైనుంచి దిగితే మొదటి దెబ్బకే విడిపోయింది. రెండు కారణాంకాలు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నప్పుడే ఇది ఇంత వేగంగా పనిచేస్తుంది. 517001 మీద ఇదే ప్రయత్నిస్తే 720 దగ్గర మొదలుపెట్టి 1725 దాకా నడవాలి, ఎందుకంటే అక్కడ అన్నిటికంటే దగ్గరగా ఉన్న జత 157, 3293. అందుకే కొత్త సంఖ్య చేతికొచ్చినప్పుడు కళ్లతో చూసి, మూడేసి అంకెలుగా విడగొట్టి, ఆ తర్వాత వర్గమూలం పైనుంచి ఐదారు సంఖ్యలు ప్రయత్నించి, అప్పటికీ లొంగకపోతేనే భాగహారాల పట్టికకు దిగండి.

517583 = 11 × 211 × 223

శ్రీకాళహస్తి 517644 మీకు వదిలేస్తున్నాను. అంకెల మొత్తం దగ్గర మొదలుపెట్టండి, 3 ఒక్కసారితో ఆగదు.